యాయ్రా శిఖరవోల్టేజీ విజయము

వోల్టా నదికి తూర్పున, అడక్లు పర్వతమునకు కూతవేటు దూరమున, హో అను పట్టణరాజమునందు, హర్మట్టన్ అను ఎడారిగాలి రేపిన ధూళి చెట్టును గుట్టను చొక్కా కాలరును ఏకవర్ణము గావించిన ఒకానొక శుక్రవారము, పదకొండున్నర గంటల శుభముహూర్తమున (శుభమట, నా తలకాయ! పన్నెండింటికి కరెంటు కోతయని ముందే చాటింపు వేసి యుండిరి) కొలతల ప్రయోగశాలయందు మహాసంగ్రామము సంభవించెను. చెవులు రిక్కించుడు.

రణరంగమధ్యమున బల్లపై కొలువుదీరినవాడు ఆసిలోస్కోపు, విద్యుత్తరంగముల ఎత్తుపల్లములను కొలుచు పెట్టె. గత వర్షాకాలమున తెర పోయి అంధుడైనవాడు, మీటలరిగి మొండికేసినవాడు, అయినను వీపున దూర్చిన ఒక్క తీగ ద్వారా కంప్యూటరు పంపు ఆజ్ఞలను మాత్రము శిరసావహించువాడు. పల్లె ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్జును నడుపు ఇన్వర్టరును తెల్లవారినది మొదలు కొలిచిన కొలతలన్నియు వాని గర్భముననే యుండెను. ఆ కొలతలలో అత్యున్నతమైన శిఖరవోల్టేజీ ఒక్కటి చిక్కిన చాలును, డైరెక్టరు సంతకము పడి ఇన్వర్టరు నేడే బండెక్కును. కరెంటు పోయెనా, పెట్టె జ్ఞాపకము తుడిచిపెట్టుకొనిపోవును, రేపటి పసిబిడ్డల టీకాలు గోవిందా!

అపుడు విజృంభించెను యాయ్రా! స్క్రూడ్రైవరుధారిణి, సోల్డరుధూమారుణలోచన, "రేపటికల్లా పంపిస్తా" నని ఆసుపత్రి నర్సుకు మాటిచ్చిన సత్యసంధ. ఆమెకు సీనియరు సెనానూ, ఆజ్ఞారచనాధురంధరుడు, ఎవే జాతి కులీనుడు. ఎవరెదురైనను ఇంట్లో బాగా, పిల్లలు బాగా, పొలము బాగా, నిన్నటి పని బాగా అని ఊపిరి తిప్పుకొనక అడుగుట మా ఎవే వారందరికి ఉగ్గుపాలతో అబ్బిన మర్యాద గదా! ఆ మర్యాదతోనే ఆ మహానుభావుడు ఆజ్ఞలు పేర్చెను: నీవెవరవు, ఎన్ని కొలతలు తీసితివి, ఎంతసేపు తీసితివి, శిఖరమెంత. నాలుగును ఒక్క ఊపున సంధించి విడిచెను. నడుమ జవాబు చదువుకొను ఆజ్ఞ ఒక్కటైనను లేదు. పెట్టె కిక్కురుమనలేదు.

అంతట యాయ్రా మేఘగంభీరస్వరమున నిట్లనెను:

"ఏంటన్నా, మూగనోము పట్టిందా ఇది?"

"పెద్దప్రాణం కదమ్మా. ఇంకోసారి పలకరిద్దాం ఉండు."

"ఐదుసార్లు పలకరించావు! పావుతక్కువ పన్నెండయింది. ఆ నర్సమ్మకి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యను?"

"నా మీద అరిస్తే అది మాట్లాడుద్దా?"

ఆ వీరవనిత కీబోర్డును లాగుకొని, పెట్టె దాచుకొన్న తప్పుల చిట్టాను చదివించెను. ఒకే ఫిర్యాదు, వరుసగా పందొమ్మిది మారులు! తొలి ప్రశ్న జవాబు తీసుకొనక మునుపే మలి ప్రశ్న వచ్చినది, కనుక జవాబు పారవేసితిని.

"అన్నా! పాపం ఇది చెప్తూనే ఉంది. నువ్వే వినిపించుకోలేదు!"

"పలకరింపులో జవాబెవరు వింటారమ్మా? అందరూ బాగున్నారనేగా చెప్పేది!"

"దీనికి ఇల్లూ లేదు, పిల్లలూ లేరు. ఒక్కటి అడుగుదాం. విందాం. తర్వాతే ఇంకోటి."

అడిగెను. వినెను. పెట్టె తన పేరు చెప్పుకొనెను, అబ్బ, ఎంత వినయముగనో! మరొకటి అడిగెను, వినెను. గడియారము రెండు నిమిషములు తక్కువ పన్నెండు. శిఖరమెంత? కంప్యూటరు తెరపై అంకెలు దిగుచుండగనే కాగితము కొరకు వెదకెను, కానరాలేదు. బాల్‌పెన్ను దూసి అరచేతిలో గీసికొనెను. ఫ్యాను ఆగెను. పెట్టెయు కంప్యూటరును ఒక్కమారే కన్నుమూసెను.

యాయ్రా పరుగు పరుగున డైరెక్టరు అగ్బెకో గదిలో దూరెను. తెల్లని తల, ముక్కుకొసన కళ్లద్దాలు, చేత సంతకపు కలము.

"అంకె తెచ్చావా అమ్మాయ్?"

చేయి చాపబోయి యాయ్రా కొయ్యబారెను. కుడిచేతివాటపు కన్య వ్రాసికొనునది ఎడమ అరచేత గాక మరెక్కడ? పెద్దల ముందర ఎడమచేయి చాచుటయా! సిగ్గుతో చచ్చిపోయెను. తల వంచెను.

"ఎడమ చెయ్యండీ, తప్పుగా అనుకోకండి."

వృద్ధుడు ఇట్టివేళ మా పెద్దలు బదులు చెప్పవలసిన ఆచారపు మాటనే చెప్పెను.

"అదీ చెయ్యేనమ్మా."

ఆ చేతిని రెండు చేతులా పట్టుకొని, చెమటకు కరగుచున్న అంకెలను చదివెను: మూడు వందల ఇరవై ఆరు పాయింట్ నాలుగు. సంతకము పడెను. ఇన్వర్టరు బండెక్కెను. దిక్పాలకులారా, వినుడు! నాలుగంకెలును ఒక చుక్కయు జయింపబడెను!