శ్యామలాంబ జడ, బుల్లిరాజు కాపలా

ఆ ఉదయం బుల్లిరాజు వేసుకున్న పథకం చిన్నదే. చేలో మోటారు కాలిపోయిన సంగతి భార్య శ్యామలాంబ చెవిన పడకుండా మెకానిక్కును పిలిపించాలి. ఆ మాత్రానికే అతనికి నీరసం వచ్చేసింది.

కారణం శ్యామలాంబ జడ. పెనుగొండలో నలుగురూ మెచ్చుకున్న ఆ జడ సన్నబడేసరికి ఆవిడ పేరంటాలకు వెళ్ళడమే మానేసింది. ఆవిడ వింటే బెంగ పెట్టుకుంటుందని రాజమండ్రి డాక్టరు బుల్లిరాజును పక్కకు పిలిచి చెప్పాడు.

"కంగారు పడితే నరాల చివర్ల నుంచి ఒక రసాయనం వస్తుందండి. జుట్టు కుదుళ్ళలో దాన్ని అందుకునే రిసెప్టర్లుంటాయి. తాళంలో తాళంచెవిలా అది వాటిలో కూర్చుంటుంది. మాటిమాటికీ కూర్చుంటే కుదురు అలిసిపోయి జుట్టు వదిలేస్తుంది. ఆవిణ్ణి ప్రశాంతంగా ఉంచండి."

అప్పటినుంచీ ఇంట్లోకి చెడ్డకబురు రాకుండా కాపలా కాయడమే బుల్లిరాజు పని. పక్కింటి నాగదుర్గ గుమ్మంలోకి రాగానే గొంతు తగ్గించాడు.

"మోటారు సంగతి మీ వదినగారికి చెప్పకండమ్మా. కంగారు పడకూడదన్నారు డాక్టరుగారు."

"అయ్యో, వదినగారికి ఏమైందండీ?"

"అది మాత్రం అడక్కండి." జడ గుట్టు బయటపెడితే శ్యామలాంబ ఊరుకోదు మరి.

అడగొద్దన్నాక నాగదుర్గ ఊహించుకుంది. మధ్యాహ్నానికి వీధి వీధంతా బత్తాయిలతో దిగింది. ఎవరూ ఏమీ చెప్పరు, "ధైర్యంగా ఉండండి" అంటారంతే. సాయంత్రం తుని నుంచి వచ్చిన శ్యామలాంబ చెల్లెలు సత్యశ్రీ బావగారి మొహం చూసి గొల్లుమంది.

శ్యామలాంబ కూడా ఆ మొహం చూసింది. పీక్కుపోయి ఉంది. డాక్టరు పక్కకు పిలిచింది ఈయన్నే కదా! జబ్బు ఈయనకే అని ఆవిడ నిశ్చయించుకుంది. అయినా పైకి తేలనివ్వకుండా, భర్తకు ఉప్పులేని పప్పు పెట్టింది. తడి తువ్వాలు మంచం మీద పడేసినా నోరెత్తలేదు.

ప్రశాంతత పనిచేస్తోందని బుల్లిరాజు చప్పటి పప్పు తింటూనే సంబరపడ్డాడు. నాలుగు రోజులకు ఇక వల్ల కాలేదు.

"కాస్త ఉప్పు వెయ్యవే."

శ్యామలాంబ భోరుమంది. "ఈ స్థితిలో మీకు ఉప్పెలా పెట్టనండీ? మీరు పోతే నేనేమైపోవాలి?"

"నేనెక్కడికి పోతానే? పోయేది నీ జుట్టే!"

సంగతంతా తెలిశాక ఆవిడ మొదట భర్తను తిట్టింది. తరవాత చెల్లెల్ని, గోడ మీదుగా నాగదుర్గను, చివరికి కాలిపోయిన మోటారును కూడా వదల్లేదు. ఆ తిట్లు వింటుంటే బుల్లిరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ హాయిగా నిద్రపోయింది. మర్నాటి నుంచి తిట్లు రోజూ సాగాయి.

కొన్ని నెలలకు డాక్టరు శ్యామలాంబ తల చూసి సంతోషించాడు. "కొత్త జుట్టు వస్తోందండి. కంగారంతా పోగొట్టేశారే!"

"ఎక్కడికీ పోలేదండి" అంటూ బుల్లిరాజు తలగుడ్డ తీసి, పలచబడ్డ తన తల చూపించాడు.