మామిడికాయల క్యూలో సమానత్వం

ఒక కంప్యూటర్‌లో నడిచిన, సి భాషలో రాసిన ప్రోగ్రామ్ ఇంకో కంప్యూటర్‌లోనూ అలాగే నడవాలని పట్టుబట్టడం శుద్ధ దౌర్జన్యం! మా బావమరిది మునిచంద్ర కార్వేటినగరం దాటితే తనకు అన్నం సహించదంటాడు. అతణ్ణి ఎవరైనా ఒక్క మాట అన్నారా? మరి ప్రోగ్రామ్ ఏం పాపం చేసింది?

బంగారుపాళ్యం దగ్గర మేం మామిడికాయలు తోలే గుజ్జు ఫ్యాక్టరీలో ట్రాక్టర్ల వరస తేల్చే ప్రోగ్రామ్‌ని అక్కడి కంప్యూటర్ కుర్రాడు గిరి రాశాడు. తేదీ చూసి వరస పెట్టమన్నాడు. ఒకే రోజు వచ్చినవాళ్లలో ఎవరు ముందో రాయలేదు. రాయడం దేనికి? వరస పెట్టే పని సిస్టమ్‌తో పాటు రెడీమేడ్ కోడ్‌గా వచ్చే స్టాండర్డ్ లైబ్రరీది. పాత కంప్యూటర్ లైబ్రరీ మంచితనం కొద్దీ వచ్చినవాళ్లను వచ్చినట్టే ఉంచేది. అలా ఉంచాలని ఏ రూల్సులోనూ లేదు.

ఈ సీజన్‌కి కొత్త కంప్యూటర్ వచ్చింది. ప్రోగ్రామ్ అదే, లైబ్రరీ వేరు. తేదీ ఒకటైతే ఈ లైబ్రరీకి అందరూ ఒకటే, ఎవర్ని ఎక్కడైనా పెట్టేస్తుంది!

మధ్యాహ్నం కాటా తెరుస్తూ స్క్రీన్ మీద వరస వేశారు. తెల్లారకముందే వచ్చి మొదటి టోకెన్ తీసుకున్న నాగులమ్మ చివరికి పోయింది. భోంచేసి, కునుకు తీసి, అందరి వెనకా వచ్చిన నేను మొదటికి వచ్చాను. ఇంతటి సమానత్వం ఏ ప్రభుత్వం తెచ్చింది?

నాగులమ్మ కాయలు ఎండకి మెత్తబడుతున్నాయి. బాగా మెత్తబడితే ఫ్యాక్టరీ తీసుకోదు, ఏడాది కష్టం రోడ్డు పక్కన పారబోయాలి. పాపం అనిపించి, ఆమెకు సమానత్వం గొప్పదనం వివరించాను.

“అదేదో కాయలకి చెప్పు సామీ, మెత్తబడకుండా ఉంటాయేమో!” అంది.

ఇంతలో గిరి వచ్చాడు. స్క్రీన్ చూశాడు, తల గోక్కున్నాడు.

“మా ఇంట్లో కంప్యూటర్లో బాగానే ఉండాది కదమ్మా! ఆడ నువ్వే ముందు.”

నాగులమ్మ వెంటనే డ్రైవర్‌ని కేకేసింది.

“సుందరరాజూ, బండి తిప్పబ్బా! గిరి ఇంట్లో మనమే ముందంట. కాయలు ఆడనే పోద్దాం!”

ట్రాక్టర్ నిజంగానే తిరిగింది. దాని వెనక ఇంకో నాలుగు స్టార్టయ్యాయి. గిరి లోపలికి పరుగెత్తి, విరిగిన ఎముకకి పుత్తూరు కట్టు కట్టినట్టు ప్రోగ్రామ్‌కి ఒక్క లైను బిగించాడు: తేదీ ఒకటైతే చిన్న టోకెన్ ముందు. అంతే! నాగులమ్మ బండి కాటా ఎక్కింది.

మరి నా సంగతి అడిగేవాళ్లేరీ? ఆ లైను తీసేయమని గిరిని బతిమాలాను. వినలేదు. కొత్త కంప్యూటర్‌లో చూపించాడు, పాతదాంట్లో చూపించాడు, ఇంటికి తీసుకెళ్లి తన దాంట్లోనూ చూపించాడు.

ఎంత ఘోరమండీ! ఇప్పుడు ఏ కంప్యూటర్‌లో పెట్టినా నేనే చివర!