గాలానికి చిక్కిన మామగారు

మామగారు మూడో అంతస్తు మెట్లు దిగుతున్నారు. ఐదో అంతస్తులో అల్లుడి చేతిలో రీలు గిర్రున తిరుగుతోంది.

ఆయన చకచకా దిగితే రీలు కిర్రుమంటోంది. ఎవరినో పలకరించడానికి ఆగితే ఆగుతోంది. ఆయన కోటు వెనక, కాలరుకు కాస్త కింద, మూడు ముళ్ల కొక్కెం గుచ్చుకుని, ఎరగా కట్టే ఒక చెక్క చేప వేలాడుతోంది. దాని మూతికి కట్టిన సన్నటి నైలాన్ తీగ మెట్ల పొడుగునా పైకి వచ్చి ఈ రీలులో తేలింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలిస్తే తన గతేమిటో అల్లుడికి తెలుసు.

అతను ఒక చేత్తో గాలపు కర్ర పట్టుకుని, రెండో చేత్తో ఎదురింటి తలుపు దబదబా బాదాడు.

ఎదురింట్లో ఉండేది బెండు. నీళ్లలో తేలే గాలం బెండులా ప్రతి మాటకూ తలాడిస్తాడని ఆ పేరు. లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, ఈ అపార్ట్‌మెంటుది తప్ప. అల్లుడికి చెరువు దగ్గర స్నేహితుడు. నోట్లో బ్రష్షుతోనే తలుపు తీశాడు.

"ఏం పడింది గురూ?"

"మా మామగారు."

బెండు నోట్లోంచి బ్రష్షు తీశాడు. తీగ వాలు చూశాడు. రీలు చప్పుడు విన్నాడు.

"ఎంత లోతులో ఉన్నారు?"

"మూడో అంతస్తు."

"లాగకు. లాగితే బెదిరిపోతారు. వదులు... ఇంకా వదులు. పెద్దది పడినప్పుడు ఏం చేస్తాం? అలిసేదాకా తిరగనిస్తాం."

"ఆయన రోజూ పొద్దున్నే నడకకు వెళ్తారు బెండూ. ఇప్పట్లో అలిసిపోరు."

నిజానికి ఆ ఉదయం పథకం చాలా చిన్నది. మర్నాడు చెరువు మీద గాలాల పోటీ. కింద హాల్లో అపార్ట్‌మెంటు సంఘం మీటింగు. సంఘం కార్యదర్శి అయిన అల్లుడి భార్య ముందే దిగిపోయింది. మామగారు కూడా వెళ్లాక, బీరువా వెనక దాచిన కర్ర తీసి, రీలుకు చుక్క నూనె వేసి, మళ్లీ దాచేయాలి. కానీ అల్లుడికి ఓపిక లేదు. మామగారు బాత్రూములో ఉండగానే తీశాడు. గొళ్లెం చప్పుడు వినగానే కర్రను కోటు తగిలించే కొయ్య వెనక నిలబెట్టి, పేపరు చేతిలోకి తీసుకున్నాడు. మామగారు కోటు వేసుకున్నారు, "నిన్నటి పేపరు అంత శ్రద్ధగా చదువుతున్నావేం అల్లుడూ" అన్నారు, వెళ్లిపోయారు. ఆ తర్వాత రీలు కూసింది.

తీగ తెంపేస్తే ఒక్క క్షణం పని. కానీ తెంపితే పోయేది ఒంటికన్నుది. ఆ చెక్క చేపకు ఒక కన్ను రంగు ఎప్పుడో పోయింది. అల్లుడికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ, దీనికి కన్ను దిద్దితే అదృష్టం పోతుందని కుంచె తాకించడు. దాన్ని చెక్కిన ముసలాయన ఇప్పుడు లేడు. ఇంకోటి దొరకదు.

పోనీ మామగారిని ఆపి నిజం చెబుదామా అంటే అదింకా ప్రమాదం. కిందటేడు ఒక కొక్కెం భార్య మడమలో దిగింది. కట్టు కట్టించుకుని వచ్చి ఆవిడ ఒకే మాట అంది. "ఈ ఇంట్లో ఇంకో కొక్కెం కనబడిందంటే, ఆ తర్వాత మీరేం చెప్పినా నేను నమ్మను." సామానంతా బెండుకు ఇచ్చేశానని ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. ఇచ్చాడు కూడా. ఈ కర్రా, ఒంటికన్నుదీ తప్ప.

మామగారేమో ఆడిటరుగా రిటైరైన మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైనా బాధ్యులెవరో తేలేదాకా ముద్ద దిగదు.

"నేను కిందికెళ్లి చూస్తా," అన్నాడు బెండు. "ఫోను పెట్టేయకు. ఆయన కోటు తీయగానే చెప్తా. నువ్వు వచ్చెయ్."

అల్లుడు ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, మెట్ల దగ్గర కర్రతో నిలబడ్డాడు. కాసేపటికి జేబు మాట్లాడింది.

"కూర్చున్నారు గురూ. ముందు వరసలో. కోటు తియ్యలేదు."

"తీగ ఎవరైనా చూశారా?"

"ఎవరూ కింద చూడట్లేదు. అందరూ పళ్ల డాక్టర్నే చూస్తున్నారు. ఊగిపోతున్నాడు."

ఊగిపోవడానికి కారణం ఉంది. మొదటి అంతస్తులో ఆయన క్లినిక్కు. పుక్కిలించమని ఒక పేషెంటుకు గ్లాసుడు నీళ్లిస్తే, ఆ పేషెంటు నోట్లోంచి బతికున్న చేపపిల్ల బయటపడింది. మేడ మీది ట్యాంకు తెరిచి చూస్తే చిన్న చిన్న చేపలు హాయిగా తిరుగుతున్నాయి. ఎవరు వేశారో తేల్చమని సంఘం మామగారిని విచారణాధికారిగా పెట్టింది. ఈరోజు ఆయన రిపోర్టు ఇవ్వాలి.

డాక్టరు గొంతు ఫోనులోంచి స్పష్టంగా వినిపించింది. "రిపోర్టు ఎందుకండీ? ఈ బిల్డింగులో చేపల పిచ్చి ఎవరికుందో అందరికీ తెలుసు. సారు సొంత అల్లుణ్ని పట్టిస్తారా?"

"డాక్టరుగారూ," అది భార్య గొంతు, "మా ఆయన సామానంతా ఎప్పుడో ఇచ్చేశారు. ఇంట్లో గుండుసూదంత కొక్కెం కూడా లేదు. ఆ మాటకు నాదీ పూచీ."

ఆమె తిట్టినా అల్లుడికి ఇంత బాధ ఉండేది కాదు. నలుగురిలో నిలబడి తనకోసం పూచీ పడుతోంది. ఆమె తండ్రి వీపు మీద ఆ పూచీ వేలాడుతోంది. ఎలాగైనా మీటింగు ముగిసేలోపు దాన్ని తీసేయాలి. తీగ చుట్టుకుంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

రెండో అంతస్తు దగ్గర రీలు బరువెక్కింది. మామగారు లేచి బయల్దేరారేమో అనుకుని తీగ వదిలాడు. బరువు తగ్గలేదు. చుట్టాడు. మెట్ల మలుపులోంచి ఒక తడి దుప్పటి తనంతట తానే పైకి రాసాగింది.

"దుప్పటి! నా దుప్పటి పోతోంది!" అని కింద కేక.

రెండో అంతస్తు మామ్మగారు. వసారాకు అడ్డంగా తీగ కనిపిస్తే, పుణ్యాత్ములెవరో బట్టలారేసుకోవడానికి కట్టారనుకుని దుప్పటి ఆరేసి, గట్టిగా క్లిప్పులు పెట్టింది. ఇప్పుడు దాని కొసను రెండు చేతులా పట్టుకుంది.

"మామ్మగారూ, లాగకండి!"

"లాగక? నీ చేతికి వదిలేస్తానా? నీ దగ్గరే కళ్లజోడు కొనుక్కున్నదాన్నని చూడకుండా నా దుప్పటే ఎత్తుకుపోతావుట్రా?"

"నేను లాగట్లేదండీ, మీరే..."

"నాకు చెప్పకు!" అని మామ్మగారు ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజింది.

సరిగ్గా అప్పుడే కింద హాల్లో డాక్టరు బల్ల గుద్దాడు. "ఆ పని చేసినవాళ్లకు ధైర్యముంటే లేచి నిలబడమనండి!"

మామగారు లేచి నిలబడ్డారు.

వెనకనుంచి ఎవరో కాలరు పట్టుకున్నట్టు ఎగిరిపడి లేచారు. వెనక్కి చూశారు. అక్కడ ఎవరూ లేరు.

"మీరు కాదు సార్, మీరు కూర్చోండి," అన్నాడు డాక్టరు.

కూర్చున్నారు. మామ్మగారు రెండోసారి గుంజింది. మళ్లీ లేచారు. ఈసారి ముఖం పాలిపోయింది, నుదుటి మీద చెమట పట్టింది. హాలంతా ఆయన్నే చూస్తోంది.

"గురూ, ఆపు! ఆయన లేస్తున్నారు, కూర్చుంటున్నారు!" అని బెండు ఫోనులో గుసగుసలాడాడు. కంగారులో ఆ గుసగుస వెనక వరసల దాకా వినిపించింది.

అల్లుడికి ఇంక దారి లేదు. దుప్పటి మామ్మగారికి అప్పగించి, కర్రతో సహా మెట్లు దూకుతూ హాల్లోకి వచ్చిపడ్డాడు.

"అదిగో!" అన్నాడు డాక్టరు. "కర్రతో సహా దొరికాడు!"

భార్య మొదట కర్రను చూసింది. ఆ చూపు తీగ వెంట తండ్రి వీపు దాకా వెళ్లి, తిరిగి భర్త ముఖం దగ్గరికి వచ్చింది.

"ఈ కర్ర నాది," అన్నాడతను. "దాచాను. నీకు అబద్ధం చెప్పాను. కానీ ట్యాంకులో చేపలు మాత్రం నేను వెయ్యలేదు."

"ఇప్పుడు ఈ మాట నేను నమ్మాలా?" అందావిడ మెల్లగా.

నిజం చెబుతున్నప్పుడు కూడా అబద్ధికుడిలా కనిపించడం ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. కర్ర గోడకు ఆనించి తల వంచుకున్నాడు.

మామగారు అల్లుణ్ని ఒకసారి, కూతుర్ని ఒకసారి చూశారు. నెమ్మదిగా కోటు విప్పారు. చెక్క చేప నడుము రెండు వేళ్లతో పట్టుకుని, కొక్కేన్ని లోపలికి చిన్నగా నొక్కి, మణికట్టు తిప్పారు. మూడు ముళ్లూ ఒకేసారి ఊడివచ్చాయి. కోటుకు పోగు కూడా లేవలేదు.

బెండు తల ఊపడం మర్చిపోయాడు. "గురూ... ఇది ఆడిటింగులో నేర్పరు."

"మంచి చేప," అన్నారు మామగారు, దాన్ని వెలుగులో తిప్పి చూస్తూ. "కన్ను దిద్దకు అల్లుడూ. అదృష్టం పోతుంది."

"నాన్నా," అంది భార్య, "నువ్వు పొద్దున్నే వెళ్లేది నడకకేనా?"

"చెరువు దాకా నడిచే వెళ్తానమ్మా."

"మరి ట్యాంకులో చేపలు?"

"ఎరకని తెచ్చాను. ఇంట్లో పెడితే నువ్వు చూస్తావని పైన వేశాను. రెండు రోజులు అటుకులు వేసేసరికి, నన్ను చూసి పైకి రావడం మొదలుపెట్టాయి. ఇంక గుచ్చబుద్ధి కాలేదు."

"సాక్ష్యాలు లేవని రిపోర్టు ఇచ్చేద్దామనుకున్నావు కదూ?"

ఆయన తల కిందికి వాలింది. "అనుకున్నాను. కానీ అతను చెయ్యని పనికి అతను నీ ముందు అలా నిలబడితే చూడలేకపోయాను."

భార్య ఇద్దర్నీ చూసింది. నవ్వు వచ్చింది గానీ పెదవి దాటనివ్వలేదు.

"రేపటి పోటీకి ఇద్దరూ కలిసి వెళ్తారు. దొంగల్లా వేరువేరుగా కాదు. కర్రలూ కొక్కేలూ బెండుగారింట్లో ఉంటాయి. చేపల్ని మీ ఇద్దరే పట్టి చెరువులో వదిలి, ట్యాంకు కడుగుతారు. ఏమండీ, చేపలు వెయ్యలేదన్న మీ రెండో మాట నమ్ముతున్నాను. మొదటిదాని సంగతి పైకెళ్లాక."

"అవన్నీ మీ ఇంటి విషయాలండీ," అన్నాడు డాక్టరు. "సంఘానికి రిపోర్టు కావాలి. దోషి ఎవరో గట్టిగా చెప్పాలి."

"చెప్పు నాన్నా. వెనక వరసకు కూడా వినపడాలి."

మామగారు కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

"సాక్ష్యాలన్నీ క్షుణ్ణంగా పరిశీలించిన మీదట," అన్నారు, "దోషి విచారణాధికారేనని తేలింది."