ముప్పై ఎనిమిది వెంట్రుకలు

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఎక్కడైనా వత్తు జారినా, దీర్ఘం తప్పినా చదివేవాళ్ళే సరిచేసుకోవాలి. రోజుకి నాలుగు వాక్యాలు రాసేసరికి చెయ్యి లాగేస్తుంది కాబట్టి ఈ కాస్త రాయడానికి రెండు నెలలు పట్టింది. ఆలస్యానికీ తప్పులకీ మన్నించండి. జరిగిన వరస మాత్రం నేనేమీ మార్చలేదు.

మా పట్టణంలో ఎవరైనా తాము భయపడుతున్నామని ఫిర్యాదు ఇవ్వాలంటే, గుమాస్తా కళ్ళెదుట కుడి ముంజేతి మీద కనీసం నలభై వెంట్రుకలు నిక్కబొడుచుకోవాలి. ఇందుకోసం పాత తాలూకా ఆఫీసు మేడ మీద భయ నిర్ధారణ కార్యాలయం ఉంది. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా లెక్కింపు, ఆ తరవాత కాగితాల పని. ఆదివారం, రెండో శనివారం సెలవు. లెక్కించే బల్ల దగ్గర ఫ్యాను ఆపేస్తారు, గాలికి లేచిన వెంట్రుకని భయం కింద రాయకూడదు కాబట్టి. చలికాలంలో వచ్చినవాళ్ళకి పావుగంట దుప్పటి కప్పి, ఒళ్ళు వెచ్చబడ్డాకే భూతద్దం తీస్తారు. నలభై వస్తే భయపత్రం ఇస్తారు. అది చూపిస్తే కాలవ అవతల మహిళా వసతిగృహంలో ఒక గది ఇస్తారు. ఆ గదికి గడియ లోపలి వైపు ఉంటుంది.

హైమావతికి ఆ గది కావాలి. ఆమెకి ఇరవై ఏడేళ్ళు. భర్త శేషుబాబు విత్తనాల గిడ్డంగిలో సూపర్‌వైజరు. అతని గొంతు గోడ దాటి ఏనాడూ ఎవరికీ వినపడలేదు. ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పు ఎక్కువైందని, ఆమె కుడి ముంజేతిని అట్లపెనం మీద ఆనించి, నిదానంగా ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టి తీశాడు. తరవాత వెన్న తెచ్చి తనే రాశాడు. ఆరోజు నుంచి అతని స్కూటరు వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే ఆమె చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడేవి.

ఆమె మొదటిసారి కార్యాలయానికి వెళ్ళినప్పుడు గుమాస్తా గౌరీపతి ఫ్యాను ఆపి, కుర్చీ చూపించి, స్కూటరు చప్పుడు తలుచుకోమన్నాడు. ఆమె తలుచుకుంది. అతను సన్న దువ్వెనతో ఒక్కొక్కటీ వేరుచేసి రెండుసార్లు లెక్కపెట్టాడు.

“ముప్పై ఎనిమిదమ్మా. రెండు తగ్గినియ్యి.”

“ఇక్కడ కాలిందండి. కాలినచోట మళ్ళీ మొలవలేదు.”

“అదీ కనపడతానే ఉంది. వెంట్రుకల్లేని జాగా కొలతలోంచి తీసేశాను. రూలు అంతే.”

“అది కాల్చింది ఆయనే కదండీ?”

“కాలిన వాటికి కౌంటరు వేరేనమ్మా, జిల్లా కేంద్రంలో. మేం భయం ఒక్కటే చూస్తాం.”

“పోనీ ఎడం చెయ్యి చూడండి.”

“ఫారంలో ఎడం చేతికి గడి లేదు.” గౌరీపతి చెడ్డవాడు కాదు. ఆమెకి గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాడు. “ఇంకొంచెం భయపడి రండమ్మా. నెలలోపు వస్తే పాత ఫారమే చెల్లుద్ది.”

లెక్కింపు చీటీ నకలు ఒకటి ఇంటి యజమాని పేరు మీద టపాలో పంపడం కార్యాలయం పద్ధతి. శేషుబాబు దాన్ని వరండాలో నిలబడి రెండుసార్లు చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అన్నం తినేటప్పుడు మజ్జిగ పోసుకుంటూ, “రెండే తగ్గాయా హైమా?” అన్నాడు.

సోమవారం ఆమెను స్కూటరు మీద ఎక్కించుకుని స్కిన్ క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. ముంజేతులకి లేజరు, ఆరు సిట్టింగులు. పెళ్ళిరోజు బహుమతి అని అక్కడి అమ్మాయికి చెప్పాడు. ఆ అమ్మాయి రెండు చేతులూ నున్నగా గీసి, చల్లటి జెల్ పూసి, కళ్ళకి నల్లద్దాలు పెట్టింది.

“చురుక్కుమంటాది మేడం, రబ్బరుబ్యాండు కొట్టినట్టు. అంతకంటే ఏమీ ఉండదు. వారం తరవాత నల్లచుక్కల్లాగా పైకొస్తాయి. మళ్ళీ పెరుగుతున్నాయని కంగారుపడకండి. అవి రాలిపోడానికే పైకొస్తాయి. పీకద్దు, గోకద్దు. వాటంతటవే పోతాయి.”

తరవాత తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. శేషుబాబు దాన్ని ఫ్రిజ్ మీద అంటించాడు. రెండు రోజులు వేడినీళ్ళు తగలకూడదు. పొయ్యి సెగ తగలకూడదు. చెమట పట్టకూడదు. పీచుతో రుద్దకూడదు. వాసన క్రీములు వద్దు. రోజుకి మూడుసార్లు కలబంద జెల్ రాయాలి. వదులుగా, మణికట్టు దాకా చేతులున్న నూలు జాకెట్టే వేసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, రెండు వారాలు ఎండలోకి వెళ్ళకూడదు.

భయ నిర్ధారణ కార్యాలయం ఎండ ఉన్నప్పుడే తెరిచి ఉంటుంది. శేషుబాబు గేటుకి తాళం వేసి తాళంచెవి తల్లి వరాలమ్మ కొంగుకి కట్టాడు. “చర్మం జాగ్రత్తమ్మా, నల్లబడితే మళ్ళీ రాదు,” అని తల్లికి చెప్పాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తనే వచ్చి భార్య చేతులకి జెల్ రాసేవాడు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా నిమురుతూ, ఒక్కొక్క నిమురుకీ ఒకటి నుంచి అయిదు దాకా నిదానంగా లెక్కపెట్టేవాడు.

పక్కింటి కామేశ్వరి గోడ మీంచి చూసి ముక్కున వేలేసుకుంది. “నాకు కాలిరిగితే మా ఆయన మంచం కింద చెంబు కూడా పెట్టలేదే. నీ మొగుడు దేవుడే హైమా. నీకేం తల్లీ, పెట్టిపుట్టావు.”

ఏడో రోజున నల్లచుక్కలు పైకి వచ్చాయి. కాగితంలో ఉన్నదంతా తెలిసి కూడా హైమావతి అవి మొలుస్తున్నాయనే అనుకుంది. పెరట్లో నిలబడి లెక్కపెడితే నలభై దాటాయి. మర్నాడు స్నానం చేసి తువ్వాలు అద్దుకుంటే అందులో పదకొండు కనపడ్డాయి. పట్టుకు లాగకుండానే, మిరియాల పొడిలా జారి వచ్చాయి.

అప్పుడామె లెక్కింపు చీటీ తీసి వెనక సన్నక్షరాలు చదివింది. రాలిన వెంట్రుకలను దరఖాస్తుదారు సొంత డబ్బాలో పెట్టి, రాలడం మొదలైన వారంలోగా తెస్తే వాటినీ లెక్కలోకి తీసుకుంటారని తొమ్మిదో నిబంధన. ఆ రోజు నుంచి తువ్వాలు దులిపి, దిండు గలీబు దులిపి, జాకెట్టు చేతులు తిరగేసి దులిపి, దొరికినవన్నీ పాత కుంకుమ భరిణెలో వేసింది. పన్నెండో రోజుకి నూట ఆరు అయ్యాయి. సాయంత్రం స్కూటరు మలుపు తిరిగినప్పుడు మూత తీసి చూసింది. లోపల నూట ఆరూ కొనల మీద లేచి నిలబడి ఉన్నాయి, నాటు వేసిన మడిలా. ఆమె చెయ్యి మాత్రం నున్నగా ఉంది.

ఇంకా రెండు రోజులు గడువుంది. రేపు తన పుట్టింటి దేవుడి మొక్కు అని చెప్పి గేటు తీయించుకోవాలని అనుకుంది.

మా ప్రాంతంలో ఆడవాళ్ళు దువ్వుకున్నప్పుడు ఊడిన చిక్కును పారెయ్యరు. వేలికి చుట్టి, పెరటి తలుపు పక్కన మేకుకి తగిలించిన కవర్లో దోపుతారు. చిక్కు కొనేవాడు వచ్చినప్పుడు ఇచ్చి స్టీలు సామాను తీసుకుంటారు. పదమూడో రోజు పొద్దున చిక్కు కొనే ముత్యాలు సైకిలు తొక్కుకుంటూ ఆ వీధికి వచ్చాడు.

“చిక్కెంట్రుకలకి స్టీలు సామానేయ్!”

వరాలమ్మ గేటు తాళం తీసి కవరు అందించింది. గరిట కావాలంది. కవరు చేత్తో తూచి, గరిట రాదు, చెంచా వస్తుందన్నాడు. కాసేపు బేరం జరిగాక వరాలమ్మ లోపలికి వెళ్ళి ఇల్లంతా వెతికి, కుంకుమ భరిణె తెచ్చి అతని సంచిలో బోర్లించింది.

“చూశావా అబ్బాయ్, మా కోడలి నిర్వాకం. కుంకం పెట్టుకునే భరిణెలో బొచ్చు దాచింది. ఇంట్లో ఎంట్రుకలుంటే లక్ష్మి నిలుస్తుందా? ఇంద, ఇప్పుడన్నా ఇయ్యి గరిట.”

గరిట వచ్చింది. హైమావతి స్నానాల గదిలోంచి వచ్చి, అత్త చేతిలో కొత్త గరిటనీ అరుగు మీద ఖాళీ భరిణెనీ చూసింది. గేటు ఇంకా తెరిచే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి పరిగెత్తింది.

“ఎండే! ఎండలోకెళ్ళకూడదన్నాడే వాడు!” అని వెనకనుంచి వరాలమ్మ కేకలు పెడుతూనే ఉంది.

ముత్యాలు రెండో వీధిలో దొరికాడు. విషయం విని సంచి మూతి విప్పి చూపించాడు. ఊరందరి చిక్కూ అందులో కలిసిపోయి ఉంది. మిరియాల పొడిలాంటివి నూట ఆరు అందులోంచి ఏరడం ఎవరి తరమూ కాదు.

“నాకు తెల్దక్కా, తెలిస్తే ఏసుకుందునా?” అన్నాడు ముత్యాలు. “ఒకటి మాత్రం చెప్తాను. మీ మలుపు తిరిగేతలికి ఈ సంచి ముళ్ళకంపయిపోద్ది. ఈపుకి గుచ్చుకుంటాది.”

“మా వీధిలోనేనా?”

“మీ ఒక్క వీధేటక్కా. ఆ పెద్ద మేడల వైపెళ్తే సైకిలెక్కలేను, దిగి తోసుకుంటాను.”

సంచి మొత్తం కార్యాలయానికి తీసుకురమ్మని ఆమె అడిగింది. బేరాల వేళ అని ముత్యాలు నసిగాడు. ఆమె అరికాళ్ళు చూసి సైకిలు తిప్పాడు.

గౌరీపతి ఫ్యాను ఆపాడు. సంచి బల్ల మీద పెట్టారు. కింద రోడ్డు మీద ఏదో స్కూటరు వెళ్ళింది. సంచి ఒక్కసారిగా బిగుసుకుని నిలువునా లేచింది. గోనె సందుల్లోంచి వెంట్రుకలు నాలుగు వైపులకీ పొడుచుకు వచ్చాయి. తెల్లవి, నల్లవి, గోరింటాకు రంగువి, చంటిపిల్లల జుట్టులాంటి మెత్తనివి. వరసలో కూర్చున్న ఆడవాళ్ళు తమ చేతులు కొంగు కింద దాచుకున్నారు.

“ఇదంతా భయమే కదండీ,” అన్నాడు ముత్యాలు.

గౌరీపతి లోపలికి వెళ్ళి సూపరింటెండెంటును అడిగి వచ్చాడు. “భయమేనయ్యా. కాదనట్లేదు. కానీ ఎవరిది? పేర్లేవి? సొంత డబ్బా ఏది? ఎవరిదో తెలీని భయాన్ని ఏ ఫైల్లో పెట్టమంటావు?”

“నావి నూట ఆరున్నాయండి అందులో,” అంది హైమావతి.

“ఉండొచ్చమ్మా. చెయ్యి పెట్టండి.”

ఆమె చెయ్యి పెట్టింది. అప్పుడే కింద ఒక స్కూటరు ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు నిదానంగా పైకి వచ్చింది. ఆమె ముంజేతి మీద చర్మమంతా గింజలు గింజలుగా లేచింది. గౌరీపతి భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. దువ్వెన అక్కర్లేకపోయింది.

“బొడిపెలు లేచాయి కదండీ, చూడండి,” అంది ఆమె గబగబా. “అవి లేచాయి కదండీ.”

“లేచాయమ్మా. బొడిపెలకి గడి లేదు.” ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు.

శేషుబాబు గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఎండకి రాసే క్రీము ట్యూబు ఉన్నాయి. అందరికీ నమస్కారం పెట్టాడు.

“ఇంత ఎండలో వచ్చేశావేంటి హైమా? చర్మం ఏమైపోవాలి?” అని, అక్కడే ఆమె చేతికి క్రీము రాశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఇంత శ్రద్ధగల మనిషిని తాను ఈ కుర్చీలో కూర్చున్నాక చూడలేదని సూపరింటెండెంటు బయటికి వచ్చి మరీ అన్నాడు. వాళ్ళు మెట్లు దిగుతుండగా బల్ల మీది సంచి పక్కకి ఒరిగి కింద పడింది.

నిబంధన ప్రకారం సున్నా వచ్చినవాళ్ళ ఫైలు మూసేసి, భయం లేదని ధ్రువపత్రం ఇస్తారు. అసలు పత్రం ఇంటి యజమానికి, నకలు కార్యాలయానికి. శేషుబాబు దాన్ని అద్దాల చట్రంలో పెట్టించి ముందుగదిలో పెళ్ళి ఫోటో పక్కన తగిలించాడు. వచ్చినవాళ్ళందరూ చదివి మెచ్చుకుంటారు. కామేశ్వరి ఇంట్లోనూ ఇప్పుడు అలాంటిదే ఉంది. ఆ వీధిలో ఏడు ఇళ్ళలో ఉన్నాయి. ఆ ఏడాది నలభై దాటిన ఫిర్యాదు ఒక్కటీ రాకపోవడంతో మా పట్టణాన్ని భయం లేని పట్టణంగా ప్రకటించి బస్టాండు దగ్గర బోర్డు కట్టారు. వసతిగృహంలో గదులు ఖాళీగా ఉండటంతో వాటిలో ఎన్నికల పెట్టెలు సర్దారు. గడియలు లోపలి వైపు పనికిరావని తీసి బయట బిగించారు.

మొదటి సిట్టింగు అయిన నెలకి హైమావతి రెండోదానికి వెళ్ళింది. నల్లద్దాలు పెట్టుకున్నాక, ఇంకా ఎన్ని సిట్టింగులు ఉంటాయని అడిగింది.

“నాలుగు మేడం. ఆరోది అయ్యేసరికి మీకే తెలీదు,” అంది క్లినిక్ అమ్మాయి. “అసలు ఎప్పుడూ లేనట్టే ఉంటాది.”

హైమావతి చెయ్యి చాపింది.

ఆరోజు సంచిలోంచి ఒలికినవాటిని ముత్యాలు ఎత్తుకున్నంత ఎత్తుకుని వెళ్ళిపోయాడు. మిగిలినవి కార్యాలయం నాపరాళ్ళ సందుల్లో ఉండిపోయాయి. కింద స్కూటరు వెళ్ళినప్పుడల్లా లేచి నిలబడతాయి. పొడి చీపురుకి రావు, పుల్లల్ని పట్టుకుని వేలాడతాయి. చీపురు తడిపి ఊడవాలి. తడిస్తే పడుకుంటాయి. అక్కడ ఊడ్చే మనిషి పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే, గుమాస్తాలు రాకముందే, చీపురు తడిపి ఊడ్చింది. ఏ ఒక్క రోజూ మానలేదు. ఎవరివని అడగలేదు.

ఊడ్చింది నేనే.

వాసంశెట్టి పల్లాలమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది నిడదవోలులో, చెల్లెలి కూతురి ఇంట్లో, వీధివైపు గదిలో.