డాక్టర్ హోలర్

వాంతులు చేసుకోవడం ఒంటికి ఎంత మంచిదో ఆస్ట్రియాలో స్టైరియా కొండల్లోని మా లెర్హెన్‌టాల్ ఊరివాళ్లకు మొన్న సెప్టెంబరు దాకా తెలియదు. పాపం, అజ్ఞానంలోనే ఆరోగ్యంగా బతికేశారు.

మాకు తెలిసిందల్లా హోలర్ పొద. పట్నంలో దాన్నే బ్లాక్ ఎల్డర్‌బెర్రీ అని సీసా మీద రాసి అమ్ముతారు. మాకు మాత్రం అది పశువుల కొట్టం పక్కన అడక్కుండా మొలిచేది. పూలు ఎండబెట్టి కాచి తాగిస్తే జ్వరమొచ్చినవాడికి చెమట పడుతుంది. నల్లటి పండ్లను దాల్చినచెక్క, లవంగం వేసి ఉడికిస్తే దగ్గుకూ జలుబుకూ హాయి. ఆ పొద ముందు నుంచి వెళ్లేటప్పుడు మా తాతలు టోపీ తీసేవారు. మేయరుకు కూడా తీయని టోపీ!

హోలర్ సంగతుల్లో ఊరంతటికీ నోట్‌బుర్గా మాటే మాట. డెబ్బై నాలుగేళ్ల మనిషి, అందరికీ బుర్గీ అత్త.

ఇలాంటి చీకట్లోకి వెలుగులా దిగింది లీవియా. వియన్నా నుంచి వచ్చి, డాక్టరుగారు రిటైరైనప్పటి నుంచి తాళం వేసి ఉన్న ఆస్పత్రి భవనంలో వెల్‌నెస్ కేంద్రం తెరిచింది. నాలుగేళ్లుగా కొత్త డాక్టరు దొరకలేదు. వెల్‌నెస్ గురువు మాత్రం నాలుగు వారాల్లో దొరికింది. మేయరు ఊరి మొదట్లో ‘ఆరోగ్య గ్రామం’ అని బోర్డు పెట్టించాడు. డాక్టరు అక్కర్లేని ఊరికన్నా ఆరోగ్యమైన ఊరు ఇంకేం ఉంటుంది?

మొదటి శిబిరంలో లీవియా పచ్చి హోలర్ పండ్లు మిక్సీలో వేసి, పదకొండు మందికి గ్లాసుల్లో పోసింది. బుర్గీ చివరి కుర్చీలోంచి లేచింది.

“అమ్మాయ్, అవి ఉడికించాలి. పచ్చివి కడుపులో తిప్పుతాయి.”

“ఉడికిస్తే అందులోని ప్రాణశక్తి చచ్చిపోతుందండీ.”

“అది చావకపోతే మనం చస్తాం.”

అందరూ నవ్వారు. బుర్గీని చూసి నవ్వి, లీవియా ఇచ్చింది తాగారు. గంట తిరక్కుండా పదకొండు మందీ తోటలో తలో పొద పట్టుకుని వంగిపోయారు.

“కంగారు పడకండి. ముప్పై ఏళ్ల విషం బయటికి వస్తోంది,” అంది లీవియా.

“విషం సంగతి తెలీదు గానీ తల్లీ, పొద్దున తిన్న సాసేజ్ మాత్రం వచ్చింది,” అన్నాడు మేయరు పొద వెనక నుంచి.

బుర్గీ ఒక్కొక్కరి వీపూ నిమిరి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు పట్టించింది. మర్నాటికి అందరూ కోలుకున్నారు. లీవియా శిబిరం రుసుము వెనక్కి ఇవ్వలేదు. విషం పోయాక డబ్బెందుకు?

ఇక ఊరు బుర్గీ గుమ్మానికి మళ్లింది. దగ్గున్నవాడు వచ్చాడు, సరే. మోకాలి నొప్పి వచ్చింది, మతిమరుపు వచ్చింది. మేయరు తన రక్తపోటు కూడా పట్టుకొచ్చాడు.

“హోలర్‌కి అన్నీ తగ్గవయ్యా,” అంటుండేది బుర్గీ. అంటూనే ఉడికించిన హోలర్ రసం సీసా చేతిలో పెట్టేది. గుమ్మం ముందు మనుషులు బారులు తీరితే ఎవరికి చేదు? వారం రోజులు ఆవిడ ఆదివారం కట్టుకునే ఏప్రాన్ రోజూ కట్టుకుంది.

ఎనిమిదో రోజు బేకరీ నడిపే రోస్విత వచ్చింది. ముప్పై రెండేళ్ల పిల్ల. అందరూ వెళ్లేదాకా ఆగి, తలుపు వేసి, బుర్గీ చెయ్యి తీసుకుని తన రొమ్ము పక్కన పెట్టుకుంది.

“ఇక్కడ గడ్డలా తగులుతోంది అత్తా. రెండు నెలలైంది. దీనికేం ఇస్తావు?”

బుర్గీ పొయ్యి మీది గిన్నె వంక చూసింది. వారం రోజుల గర్వం ఒక్కసారిగా దిగిపోయింది.

“దీనికి నా దగ్గరేం లేదే,” అంది. స్టవ్ ఆర్పి ఏప్రాన్ విప్పింది. “కారెక్కు.”

“ఇప్పుడా? పిండి కలిపి వచ్చాను.”

“పిండి పొంగితే పొంగనీ. ఎక్కు.”

పెద్దాస్పత్రి యాభై కిలోమీటర్లు. అంతా ఘాట్ రోడ్డు. గడ్డ చిన్నదనీ, వేళకే వచ్చారనీ డాక్టర్లు చెప్పింది తర్వాతి మాట. ముందు కౌంటరు దాటాలిగా.

“మిమ్మల్ని పంపిన డాక్టరు పేరు?” అని అడిగింది కౌంటరు పిల్ల.

“మా ఊళ్లో డాక్టరు లేడమ్మా.”

“ఈ గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు పోదండీ. మీ ఊళ్లో రోగం వస్తే ఎవరు చూస్తారు?”

బుర్గీ ఉన్నమాట చెప్పింది.

“హోలర్.”

ఆ పిల్ల తలెత్తకుండానే టైప్ చేసింది. “డాక్టర్ హోలర్. ఇంటిపేరా, సొంత పేరా?”

“పొద పేరు,” అంది బుర్గీ.