బ్రేకు మాస్టారి పీహెచ్ సంగ్రామము

సూర్యుడు తన సహస్రకిరణములలో ఒక్కదానికైనను సెలవు ఇయ్యక, మేడలమీది ట్యాంకులలో నీటిని సలసల కాచుచున్న మండువేసవిలో, ఎన్నడును పనిచేయని లిఫ్టునకు ఎడమచేతి వైపున, మూడవ అంతస్తు ఇంటిలో, ఆ ఇంటికంతటికిని ఏకైక ఏసీ విరాజిల్లు పడకగదిలో, ఒక గాజుతొట్టి కలదు. తొట్టియందు ఉప్పునీరు, నీటియందు ఒక రాయి, రాతిపై నారింజరంగు పగడము. పిడికెడంత ఉండు ఆ ప్రాణి సంతోషము కలిగినప్పుడు మెత్తని వేళ్లు చాచి ఊగును; ప్రాణము బాగులేనిచో వక్కవలె ముడుచుకొని పడియుండును.

దానికి ప్రభువు డ్రైవింగు స్కూలు నడుపు బ్రేకు మాస్టారు. శిష్యుల పక్కసీటున కూర్చుండి, కుడికాలు సదా రెండవ బ్రేకుపై నిలిపియుంచు ఆ జాగరూకశిఖామణికి ఇంట మంచముపై కూర్చున్నను కాలు నేలను నొక్కుచునే యుండును. వందలమందికి లైసెన్సు ఇప్పించెను గాని, అది చేతికందిన మరునాడు ఒక్కడును వెనుదిరిగి చూడలేదు. పగడము మాత్రము ఆయనను విడిచి ఎక్కడికిని పోలేదు. అందుచేత అదనిన ఆయనకు పంచప్రాణములు.

అట్టి పగడము ముడుచుకొనెను! ఎనిమిదికి పైన వెలుగవలసిన పీహెచ్ అంకె మీటరులో ఏడు పాయింటు ఏడునకు దిగజారెను. నీరు ఆమ్లమువైపు మొగ్గుచున్నదన్నమాట; ఇట్లే సాగినచో పగడము బ్రతుకదు. మందులషాపు నడుపు ఆయన ఇల్లాలు కొలువుతీరి తీర్పు చెప్పెను.

"ఆదివారానికి అది విచ్చుకోకపోతే తొట్టి అమ్మేద్దామండీ. కొనేవాళ్లతో మాట్లాడేశాను. అమ్మ కింద పడుకోలేకపోతోంది, అక్కడ మంచం వేస్తాను."

ఆ మాట వినినంతనే మాస్టారి కాలు బ్రేకును వెదకెను. అచ్చట నేల తప్ప ఏమియు లేదు.

ఇక యుద్ధమే! ధూళి చొరబడకుండ, చల్లదనము జారిపోకుండ కిటికీ సందులన్నిటికిని టేపు అంటించెను. మీటరును కడిగి సరిచూచెను. పీహెచ్ పెంచు తెల్లపొడి చల్లెను. బకెట్లతో నీరు మార్చెను. అంకె కాస్త లేచుట, మాస్టారి ముఖము వికసించుట, అంకె మరల చతికిలబడుట. పాఠములు మానుకొని, గది విడువక, తలుపు తీయక, భార్యను అత్తగారిని సైతము కాపలా నిలిపి, ముగ్గురి తిండియు నిద్రయు టీవీయు ఆ గదిలోనే సాగించినను, రోజురోజుకు పీహెచ్ పాతాళాభిముఖమయ్యెను.

"ఓరీ దుష్ట ఆమ్లమా! అదృశ్యరూపమున నా జలదుర్గము చొచ్చి, అమాయక పగడమును ముడిచిన నీచాత్మా! నీ మూలమెచ్చటనున్నను పెకలింతును, కాచుకొనుము!" అని మాస్టారు మనసులో గర్జించెను. నోటితో మాత్రము, "ఇదేంటే, మళ్లీ తగ్గింది" అనెను.

అత్తగారు సీరియలుపై వ్యాఖ్యానించుచుండగా ఆయనకు ఓపిక నశించెను. "అత్తయ్యగారూ, కొంచెం మెల్లగా మాట్లాడండి. పగడం బెదురుతుంది."

"ఓహో, నా గొంతు వింటే రాళ్లు కూడా ముడుచుకుంటున్నాయా! పదవే అమ్మాయ్, బాల్కనీలో ఎండకి మాడదాం."

తలుపు బార్లా తెరచి తల్లీకూతుళ్లు నిష్క్రమించిరి. బతిమాలుకొనుటకు మాస్టారును వెంటబడెను. సాయంత్రమునకు తిరిగివచ్చి చూచునప్పటికి, ఆశ్చర్యము! మీటరున ఎనిమిది! మాస్టారి మేధ క్షణములో సిద్ధాంతము చేసెను: అత్తగారి అలకయే దివ్యౌషధము!

చేతులు జోడించి ఆమెముందు నిలిచెను. "అత్తయ్యగారూ, రేపు కూడా కాస్త అలుగుతారా?"

"ఊరికే ఎలా అలుగుతాను బాబూ? ఏదో ఒకటి అనాలిగా."

"మీరు పెట్టే కాఫీ కషాయంలా ఉంటుంది."

"ఇన్నాళ్లూ రెండేసి గ్లాసులు తాగి, ఇప్పుడా చెప్పేది!"

ఆమె నిజముగనే అలిగెను. శనివారమునాడు, అంతటి అలక బయటకు పోయి వృథా కారాదని మాస్టారు తలుపు బిగించి, ఆమెను తొట్టిప్రక్కనే కూర్చుండబెట్టెను. కాఫీని తలచుకొని ఆమె నిట్టూర్చెను. ఆమె నిట్టూర్చిన కొలది, అంకె దిగెను. ఏడు పాయింటు ఆరు! మాస్టారి కన్నులలో నీరు తిరిగెను. రేపు తొట్టి పోవును, తన పగడము పోవును. ఆ దుఃఖము నిజమైనది, దానిలో హాస్యమేమియు లేదు.

"నాకు ఊపిరాడట్లేదు బాబూ! ఈ కొంపలో గాలేదీ?" అనుచు అత్తగారు లేచి, టేపును చరచర చించి, కిటికీ రెక్కలు తెరచెను. వడగాలి లోనికి దూకెను. "అత్తయ్యగారూ!" అని మాస్టారు రెండు కాళ్లతోను నేలను నొక్కెను గాని, ఆమె ఆగలేదు.

కొంతసేపటికి మీటరు మెల్లగా పైకి ప్రాకసాగెను. ఇల్లాలు అంకెను, కిటికీని, తిరిగి అంకెను చూచి పకపక నవ్వెను. "మనం వదిలిన గాలేనండీ! బయటికి పోయే దారిలేక నీళ్లలో కలిసి యాసిడ్ అవుతోంది. నిన్న పెరిగింది అలిగినందుకు కాదు, తలుపు తీసి వెళ్లినందుకు!"

నీటిలో వెదకిన శత్రువు తన ముక్కులోనుండియే బయలుదేరుచుండెనని తెలిసి, మాస్టారు సిగ్గుతో కొంతసేపు ఊపిరి బిగబట్టెను.

ఆదివారము. ఎనిమిది పాయింటు ఒకటి! పగడము వేళ్లన్నియు చాచి ఊగుచుండెను. తెరచిన కిటికీయెదుట ఏసీ వ్యర్థమై ఆపివేయబడెను. ఇంట ఉన్న ఒకే ఒక చిన్న ఫ్యాను నీరు వేడెక్కకుండ తొట్టిపై తిరుగుచుండెను. అత్తగారు మంచమును బాల్కనీలో వేయించుకొని, అల్లునిచేతనే కాఫీ పెట్టించుకొని త్రాగెను. అంతలో కొనువారి ఫోను మ్రోగెను. ఇల్లాలు పగడము ఎదుట చెమటలు కక్కుచు చిన్నపిల్లవానివలె నవ్వుచున్న భర్తను ఒక్కక్షణము చూచెను.

"తొట్టి అమ్మడం లేదండీ," అని ఫోనులో అనెను. "ఏసీ ఉంది, కావాలా?"

ఇవ్విధమున ఆ మహాయోధులు మువ్వురును, నఖశిఖపర్యంతము స్వేదస్నాతులై, వార్తాపత్రికలతో విసురుకొనుచు, పీహెచ్‌లో పాయింటు అయిదు గెలిచిరి. జయము! జయము!