గోరంత మనుషులు

ఆ ఆదివారం పొద్దున గార్డుగారికి ఒక్కటే పని మిగిలింది: మనుషులను అతికించడం. సాయంత్రం రైలుబొమ్మల క్లబ్బు పెద్దాయన వస్తారు. ఆయన చూసి ఊఁ అంటే ఈ ఏటి ప్రదర్శనలో గార్డుగారి రైలుకు ఒక బల్ల ఇస్తారు. ఉహూఁ అంటే మళ్ళీ ఏడాది దాకా ఆ రైలు ముందుగదిలోనే గుండ్రంగా తిరుగుతూ ఉండాలి, గార్డుగారు దాని చుట్టూ తిరుగుతూ ఉండాలి.

గార్డుగారనేది వీధి పెట్టిన పేరు. నిజానికి ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. రైలెక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి రైళ్ళను పైనుంచి చూడటమే ఆయనకు ఇష్టం. ముందుగదిలో సోఫా ఉండవలసిన చోట పెద్ద ప్లైవుడ్ బల్ల ఉంది. దాని మీద పట్టాలు, పాత పేపర్లూ ప్లాస్టరూ కలిపి చేసిన కొండ, కొండలో సొరంగం. గిన్నెలు తోమే స్పాంజిని తుంపి పచ్చరంగులో ముంచితే చెట్లయ్యాయి. పట్టాల మధ్య కంకర కోసం ఇసుకను టీ జల్లెడలో జల్లించి, గమ్ములో నీళ్ళు కలిపి, కంటిమందు వేసే గొట్టంతో చుక్కచుక్కగా వేసి అంటించారు. ఆ జల్లెడ తిరిగి వంటింటి ముఖం చూడలేదు.

పోయినేడాది క్లబ్బు పెద్దాయన ఇలాగే వచ్చి, జేబులోంచి భూతద్దం తీసి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "రైళ్ళు భేషుగ్గా ఉన్నాయండీ. కానీ మనుషులేరీ? ఊళ్ళో వాళ్ళంతా మూటాముల్లే సర్దుకుని పారిపోయినట్టుంది" అనేసి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ మాట గార్డుగారికి ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఈసారి స్టేషను పక్కన ఏకంగా తమ వీధినే కట్టేశారు. చెప్పుల పెట్టెల అట్టతో ఇళ్ళు, దుకాణంలో ఫ్రేములకు ఉత్తుత్తిగా బిగించే అద్దాలను కోసి కిటికీలు. ఇక మనుషుల కోసం ఒక పెట్టెడు బొమ్మలు తెప్పించారు. ఒక్కొక్కరూ గోరంత ఉంటారు.

చిక్కంతా ఆ పెట్టెతోనే వచ్చింది. అందులోని మనుషులు ఎలా ఉంటే అలా వాడుకోవలసిందే. కూర్చున్నవాణ్ణి నిలబెట్టలేం, పరిగెత్తేవాణ్ణి ఆపలేం. లావుపాటి మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడూ కుర్చీలో కూలబడి నిద్రపోతున్నాడు. వాణ్ణి మూలమీది బేకరీ ముందు పెట్టారు. చేతిలో పెట్టె ఉన్నవాడు ఒక్కడే, వాడేమో రైలు తప్పిపోతున్నట్టు పరిగెత్తుతున్నాడు. ఎదురు మేడలో ఉండే పళ్ళ డాక్టరు చేతిలో ఎప్పుడూ పెట్టె ఉంటుంది కదా అని వాణ్ణి డాక్టరును చేశారు. తల నెరిసిన ఆడమనిషి ఒక్కతే, ఆవిడ నడుం వంచి నేలకేసి చూస్తోంది. వీధి సంఘం కార్యదర్శి, ఒకప్పటి హెడ్‌మిస్ట్రెస్ అయిన పెద్ద మేడంగారికి ఆ బొమ్మ ఖాయమైంది. ఆవిడను డాక్టరు ఇంటి చెత్తడబ్బా పక్కన నిలబెట్టారు, అక్కడ గమ్ము మచ్చ పడితే కప్పడానికి. బొమ్మల పెట్టెతో పాటు ఉచితంగా వచ్చిన వ్యానును బేకరీ వెనక సందులో నిలిపారు.

గార్డుగారి భార్య లెక్కల టీచరు. ఒక చేత్తో పరీక్ష పేపర్లు, మరో చేత్తో రాలిన స్పాంజిపొడి ఊడ్చే చీపురు పట్టుకుని వచ్చింది.

"నేనెక్కడున్నాను?"

"అదిగో, ప్లాట్‌ఫాం మీద. చెయ్యి ఊపుతున్నావు."

"ఎవరికి?"

"ఎవరికని కాదు. పెట్టెలో మిగతా ఆడవాళ్ళందరి చేతుల్లో ఏదో ఒకటి ఉంది. చేతులు ఖాళీగా ఉన్నది ఇదొక్కతే."

ఆవిడ తన రెండు చేతులవైపూ చూసుకుంది. "ఏమండీ, నా మాట వినండి. రైళ్ళు పెట్టుకోండి, కొండలు పెట్టుకోండి. తెలిసినవాళ్ళ జోలికి మాత్రం పోకండి. కొరివితో తల గోక్కోవడమే" అని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పెద్దాయనకిచ్చే టీలోకని చెప్పి ఉంచిన బిస్కెట్లు పట్టుకుని మధ్యాహ్నం బేకరీ ఆయన వచ్చాడు. వీధంతా ఆయన్ను బాబాయ్ అంటారు. ఆయన కొట్టు మీద 'మా పొయ్యిలో, మా చేత్తో' అని బోర్డు ఉంటుంది. బల్ల చూసి మురిసిపోయాడు.

"ఓరి ఓరి! ఇది మన కొట్టే! బోర్డు కూడా రాశారే!"

"ఒంటి వెంట్రుక కుంచెతో రాశాను బాబాయ్" అన్నారు గార్డుగారు గర్వంగా.

"ఈ నిద్రపోయేది నేనా?" అంటూ వంగిన బాబాయ్ కళ్ళు బొమ్మను దాటి వెనక సందులోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. "వ్యాను సంగతి మీకెవరు చెప్పారు?"

"ఏ వ్యాను?"

"ఊరుకోండి గార్డుగారూ! పొయ్యి పాడై ఏడాదైంది. వ్యానువాడు ఎక్కణ్ణుంచో రొట్టె తెచ్చి తెల్లారకముందే దించి పోతాడు, నేను హాయిగా పడుకుంటున్నాను. మూడో కంటికి తెలీదనుకున్నా. మీ కిటికీలోంచి అన్నీ చూస్తూనే ఉన్నారన్నమాట! మీకు దండం పెడతా, ఆ వ్యాను అక్కణ్ణుంచి తీసెయ్యండి."

'బాబాయ్ చేతి రుచే వేరు' అంటూ ఏడాదిగా ఆ రొట్టె తింటున్నది గార్డుగారే. పట్టకారుతో వ్యానును ఎత్తి, ఖాళీగా కనబడిన జాగాలో పెట్టారు. ఆ జాగా డాక్టరు ఇంట్లోనే ఉన్న క్లినిక్కు ముందు ఉంది. పెద్ద మేడం బొమ్మా, చెత్తడబ్బా వ్యాను వెనక దాక్కున్నాయి. బాబాయ్ ఊపిరి పీల్చుకుని వెళుతూ వెళుతూ, తోడు దొంగ ఒకడుంటే బాగుండునన్నట్టు డాక్టరు గుమ్మం దగ్గర ఆగి, "గార్డుగారి బల్ల మీద మీరూ ఉన్నారు, ఓసారి చూసుకోండి" అని చెప్పి మరీ పోయాడు.

డాక్టరు చేతిలో పెట్టెతోనే వచ్చాడు. బల్ల మీద క్లినిక్కు, ముందు వ్యాను, స్టేషనుకేసి పరిగెత్తుతున్న తన బొమ్మ చూశాడు. గబగబా వెళ్ళి తలుపు వేశాడు.

"గార్డుగారూ, నేను ఖాళీ చేస్తున్నట్టు మీకెలా తెలిసింది?"

"మీరు ఖాళీ చేస్తున్నారా?"

"మెల్లగా అనండి! ఇంటి ఓనరుకే ఇంకా చెప్పలేదు." ఆ ఓనరు పెద్ద మేడంగారే. "ఏం చెయ్యమంటారు? పన్ను పీకుదామని పేషెంటు నోరు తెరిపిస్తే పైకప్పు సున్నం ఆ నోట్లో రాలుతోంది. మేడంతో చెబుదామంటే, చిన్నప్పుడు నన్ను బెంచీ ఎక్కించిన మనిషి! ఇప్పటికీ ఆవిడ ఎదుట నిలబడితే లెక్కలు మరిచిపోయినట్టే ఉంటుంది. చడీచప్పుడు కాకుండా పోదామనుకుంటే మీరు వ్యానుతో సహా కట్టి పెట్టారు!" అంటూ తానే వ్యానును లాగేశాడు.

వ్యాను పోగానే దాని వెనక ఉన్నావిడ కనబడింది.

"ఇది మేడం కదూ? నా చెత్తడబ్బా దగ్గర ఏం చేస్తోంది?"

"ఏమీ లేదు డాక్టరుగారూ, అక్కడ గమ్ము మచ్చ..."

"అదా సంగతి! నా డబ్బా ఎప్పుడూ నిండి పొర్లుతోందని సంఘం నుంచి నాకే నోటీసులొస్తాయి. సంతకం ఆవిడదే, చెత్తా ఆవిడదే!" అంటూ డాక్టరు పెట్టె పట్టుకుని పరుగెత్తాడు. చూస్తే అచ్చం బొమ్మలాగే ఉన్నాడు. ఆ పోలిక చూసి సంతోషించాలో భయపడాలో గార్డుగారికి తెలియలేదు.

కాసేపటికి పెద్ద మేడంగారే స్వయంగా వచ్చారు. వెనకే డాక్టరు. కేకలు విని బాబాయ్ కూడా వచ్చేశాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని తన బొమ్మను చూశారు. ఆ కళ్ళజోడు గార్డుగారు అమ్మిందే. దాన్ని అంత బాగా కనబడేలా చేయకుండా ఉండాల్సిందని ఆయనకు మొదటిసారి అనిపించింది.

"నాయనా, వయసు మీదపడ్డ దాన్ని చీకట్లో ఏం చేస్తుందా అని కిటికీలోంచి కనిపెడతావా? మా డబ్బా మూత ఊడిపోయింది. కుక్కలు లాగుతాయని ఒకటి రెండుసార్లు వేశాను."

"ఒకటి రెండుసార్లా!" అన్నాడు డాక్టరు.

"అమ్మా, అది పెట్టెలో ఎలా వచ్చిందో అలాగే..." గార్డుగారి గొంతు ఎవరికీ వినబడలేదు.

మేడంగారి చూపు స్టేషను వైపు మళ్ళింది. "ఈ పరిగెత్తేవాడెవడు?"

"నేను కాదు" అన్నాడు డాక్టరు.

ఆయన్ను ఎవరూ అడగలేదు. గదిలో అందరూ ఆయనవైపు తిరిగారు. ఆ తరవాత దాచడానికి ఏమీ మిగల్లేదు. ఖాళీ చేసే సంగతి, సున్నం సంగతి, పనిలో పనిగా రొట్టె సంగతి, అన్నీ బయటపడ్డాయి. మేడంగారు డాక్టరును పేరు పెట్టి పిలిచి, నోరు మూసుకోమన్నారు. ఆయన మూసుకున్నాడు. చివరికి ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఎవరి బొమ్మను వాళ్ళు ఊడబెరుక్కుని జేబులోనూ సంచీలోనూ వేసుకుని వెళ్ళిపోయారు.

గార్డుగారు కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర జనం. తమనేం చేస్తున్నట్టు చూపించాడో చూసుకోవడానికి వీధివీధంతా కదిలి వచ్చింది. కొందరు చూడకముందే క్షమించమని అడుగుతున్నారు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళు మన వీధిలో ఇంతమందా!" అంది భార్య. "చూస్తారేం? తీసెయ్యండి అందరినీ."

"తీసేస్తే పెద్దాయన మళ్ళీ అదే మాటంటాడు."

"ఉంచితే రేపట్నుంచి మీ దుకాణానికి ఎవరూ రారు. గుడ్డివాళ్ళుగానైనా ఉంటారు గానీ."

గార్డుగారు పట్టకారు తీసుకుని ఒక్కొక్కరినే పీకసాగారు. చొక్కా గుండీలకు కూడా రంగు వేసిన మనుషులు వాళ్ళు. ప్రతివాణ్ణీ తీస్తుంటే గుండె తరుక్కుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగి ఏదీ సరిగ్గా కనబడలేదు. అందుకే ప్లాట్‌ఫాం మీది మనిషిని మరిచిపోయారు.

క్లబ్బు పెద్దాయన చెప్పిన వేళకే వచ్చారు. భూతద్దం తీసి ఖాళీ వీధి పొడుగునా నడిపించారు. తెరిచి ఉన్న తలుపులు, ఎవరూ లేని కుర్చీ, మనుషులు నిలబడ్డ చోట గమ్ము మచ్చలు. గార్డుగారు తల వంచుకుని నిలబడ్డారు.

"ఇక్కడ మనుషులుండేవారా?"

"ఉండేవారండీ. మధ్యాహ్నం దాకా నిండుగా ఉండేది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు."

"అందరూనా?"

"అందరూ."

భూతద్దం ప్లాట్‌ఫాం మీదికి వచ్చి ఆగింది. అక్కడ ఒకే ఒక్క ఆడమనిషి, దూరమైపోతున్న ఊరికి వీడ్కోలు చెబుతున్నట్టు చెయ్యి ఊపుతోంది.

"ఈవిడెవరు?" పెద్దాయన గొంతు మెత్తబడింది.

"మా ఆవిడండీ."

పెద్దాయన భూతద్దం మసకబారితే తుడుచుకున్నారు. గార్డుగారి భుజం మీద చెయ్యి వేసి, "ఇంత బాధను బల్ల మీద పెట్టినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. ప్రదర్శనలో ద్వారం ఎదుటి బల్ల మీకే ఇస్తున్నాను. ధైర్యంగా ఉండండి" అన్నారు.

గార్డుగారు ఏదో చెప్పబోయేలోగా ట్రే పట్టుకుని భార్య వచ్చింది. "చక్కెర ఎంత వెయ్యమంటారు?"

పెద్దాయన ఆవిడ వంక చూశారు, బొమ్మ వంక చూశారు, మళ్ళీ ఆవిడ వంక చూశారు.

"ఈవిడ..."

"ఆవిడేనండీ" అన్నారు గార్డుగారు నీరసంగా.

"మరి ఆ వీడ్కోలు ఎవరికమ్మా?"

"ఏమో, నన్నడిగితే? నా చేతులు ఖాళీగా ఉన్నాయని పెట్టారు" అంటూ ఆవిడ కప్పూ సాసరూ ఆయన చేతిలో పెట్టి, ట్రే మీది ఆరు బిస్కెట్ల పళ్ళెం మోచేత్తో ఆపి, చంకలో జారిపోతున్న పరీక్ష పేపర్లను గడ్డంతో నొక్కి పట్టింది.

పెద్దాయన ముందు కంగారుపడ్డారు, తరవాత ఎర్రబడ్డారు, ఆ తరవాత పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు క్లబ్బులోనే లేరు. అంత నవ్వు నవ్వాక ఇచ్చిన బల్లను వెనక్కి తీసుకోవడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. "ఒక్కటే షరతు. ఇప్పుడున్నది ఉన్నట్టుగానే తేవాలి. ఒక్క మనిషిని కూడా చేర్చకూడదు" అని చెప్పి, టీ మొత్తం తాగి వెళ్ళారు.

వారం తిరక్కుండా మేడంగారు డాక్టరు పైకప్పుకు పనివాళ్ళను పెట్టించారు, తమ డబ్బాకు మూత కొన్నారు. బాబాయ్ పొయ్యి బాగు చేయించాడు. రొట్టె మునుపటికంటే కాస్త మాడుతోంది గానీ ఎవరూ ఏమీ అనడం లేదు. ప్రదర్శన రోజున వీధివాళ్ళంతా ఇళ్ళకు తాళాలు వేసుకుని బయల్దేరారు. తమ బొమ్మను మళ్ళీ అతికించలేదని కళ్ళారా చూసుకోవాలి, పక్కింటివాళ్ళ బొమ్మను అతికించాడేమో అదీ చూడాలి.

ఆ పూటంతా గార్డుగారి వీధికీ అసలు వీధికీ వెంట్రుకవాసి తేడా లేదు.